లెక్క రాలేదా, ప్రశ్న అర్థం కాలేదా?

సంపాదకులకు నమస్కారం.

పరీక్షల మార్కులు ఇళ్లకు చేరిన ప్రతిసారీ ‘మావాడికి లెక్కలు రావు’ అనే మాట మన విశాఖలో చాలామంది తల్లిదండ్రుల నోట వినిపిస్తుంది. కంచరపాలెంలో సాయంత్రం పూట ప్రాథమిక తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతున్న నేను ఆ తీర్పును ఒప్పుకోలేకపోతున్నాను. కూడికలు, తీసివేతలు అంకెల్లో ఇస్తే తడుముకోకుండా చేసే పిల్లలే, అదే లెక్కను నాలుగు వాక్యాల్లో ఇచ్చేసరికి పెన్సిలు పక్కన పెట్టేస్తున్నారు.

ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఆన్ న్యూమన్ 1977లోనే ఇలాంటి లెక్క చేయడాన్ని అయిదు మెట్లుగా విడదీసి చూపారు. ప్రశ్నను చదవడం, అర్థం చేసుకోవడం, ఏ లెక్క చేయాలో తేల్చుకోవడం, ఆ లెక్క చేయడం, జవాబు రాయడం అనేవి ఆ మెట్లు. వీటిలో మొదటి రెండూ పూర్తిగా భాషకు సంబంధించినవే. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో చూడకుండా సున్నా వేస్తే, ఆ సున్నా దేనికి వేసినట్టు?

ఇంట్లో మాట్లాడే భాషలోనే అడిగినా, అడిగే తీరును బట్టి జవాబు మారిపోతుంది. 1983లో టామ్ హడ్సన్ ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు పిట్టలు, పురుగులు ఉన్న బొమ్మలు చూపించారు. పురుగుల కంటే పిట్టలు ఎన్ని ఎక్కువ అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మందే సరిగ్గా చెప్పగలిగారు. పిట్టలన్నీ తలా ఒక పురుగు కోసం ఎగబడితే ఎన్ని పిట్టలకు దొరకదు అని అడిగినప్పుడు మాత్రం అందరూ చెప్పారు. అడిగింది ఒకే లెక్క.

ఇక ఇంట్లో వినపడని ఇంగ్లీషులో అడిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పన్నెండు కంటే అయిదు తక్కువ అన్నప్పుడు ఏ అంకె ముందు రాయాలో తెలుగు వాక్యమే చూపిస్తుంది. ‘ఫైవ్ లెస్ దాన్ ట్వెల్వ్’ అన్నప్పుడు పిల్లలు విన్న వరుసలోనే 5 – 12 అని రాసేస్తారు. ఈ చిక్కును దాటించడానికి చాలాచోట్ల కొండగుర్తులు నేర్పుతున్నారు. ‘మొత్తం’ అని ఉంటే కూడమని, ‘మిగిలాయి’ అని ఉంటే తీసివేయమని చెబుతున్నారు. ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోందని నా గట్టి నమ్మకం. రైతుబజారులో ఒకామె బుట్టలోంచి 5 మామిడికాయలు అమ్మాక 8 మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి అని అడిగి చూడండి. కొండగుర్తు నేర్చిన పిల్లలు 3 అంటారు. బుట్టను మనసులో ఊహించుకున్న పిల్లలు 13 అంటారు.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టమూ, 2020 జాతీయ విద్యావిధానమూ వీలైనంత మేరకు అన్న షరతుతోనే అయినా చెబుతూనే ఉన్నాయి. మాధ్యమం గురించిన వాదనలోకి నేను వెళ్లడం లేదు. ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో తప్పు లేదు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలను మన రాష్ట్రం 2020-21లోనే తెచ్చింది. అదే పద్ధతిలో అయిదో తరగతి వరకు ప్రతి పాఠశాలలోనూ, ప్రైవేటు వాటితో సహా, లెక్కల ప్రశ్నపత్రంలో మాటల్లో ఇచ్చే ప్రశ్నలను రెండు భాషల్లోనూ ముద్రించాలని జిల్లా విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను. ఒరియా, హిందీ మాట్లాడే కుటుంబాల పిల్లలూ మన నగర బడుల్లో ఉన్నారు కాబట్టి, ప్రశ్నను పైకి చదివి వినిపించి, ఏమడిగారో పిల్లల చేత వాళ్ల సొంత మాటల్లో చెప్పించే వెసులుబాటు ఉపాధ్యాయులకు ఇవ్వాలి. వచ్చే విద్యాసంవత్సరం మొదటి పరీక్ష నుంచే దీన్ని అమలు చేయవచ్చు.

– ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం