ఉమ్మడి స్టోరులో స్టాకు సాఫ్ట్‌వేర్: జమా ఖర్చుల వివరణ

విజయవాడ ఆటోనగర్‌లోని మన ఉమ్మడి స్పేర్ పార్టుల స్టోరు సభ్యులందరికీ నమస్కారం.

దసరాకి మొదలవుతుందన్న సాఫ్ట్‌వేర్ సంక్రాంతి దాటాక గానీ నడవలేదు. ఈలోపు టీ కొట్టు దగ్గర ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. "కంప్యూటర్ పేరు చెప్పి కమిటీ మింగేసింది" అన్న మాట కూడా మా చెవిన పడింది. అందుకే ఈ కాగితం. బిల్లులన్నీ స్టోరు బల్ల సొరుగులో ఫైలు కట్టి ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటాక ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ:

తలా 6,000 చొప్పున 42 మంది నుంచి 2,52,000 రావాలి. 37 మంది పూర్తిగా కట్టారు, వాళ్లకి చేతులెత్తి దండం. ఇద్దరు సగం ఇచ్చి మిగతాది పండగ తర్వాత అన్నారు, ఏ పండగో చెప్పలేదు. ముగ్గురు పైసా ఇవ్వలేదు. మొత్తం వచ్చింది 2,28,000.
పాత కంప్యూటర్, ఇనుప బీరువా అమ్మితే 4,500.
షెడ్డు మూసేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మెకానిక్ పెద్దాయన ఇచ్చింది 5,116. ఆయనకిప్పుడు మన స్టోరుతో పనే లేదు, అయినా ఇచ్చారు.
బ్యాంకు వడ్డీ 1,284.
మొదటి ప్రింటర్ అమ్మితే 7,000 (దీని కథ కింద ఉంది).
మొత్తం జమ 2,45,900.

ఖర్చు:

సాఫ్ట్‌వేర్, ఇద్దరు ఒకేసారి వాడుకునేది, 18 శాతం జీఎస్టీతో 53,100.
కంప్యూటర్, యూపీఎస్ 45,700.
బార్‌కోడ్ చదివే స్కానర్లు రెండు 5,800.
ఇనుప ర్యాకులు, వాటిమీద నంబర్లు రాయించడం 38,250.
ట్రైనింగ్ 9,000. ఆడిటర్ ఫీజు 5,000. ఆటో కిరాయి, కాగితాలు, బ్యాంకు చార్జీలు 2,385.

వీటి మీద ఎవరూ ఏమీ అనలేదు. ఒక సభ్యుడు మాత్రం "ఎక్సెల్‌లో ఊరికే అయ్యేదానికి యాభై మూడు వేలా?" అన్నారు. ఎక్సెల్ కూడా చూశాం. రెండు నెలలు ఒక సభ్యుడి అబ్బాయే చేసిపెట్టాడు. ఇద్దరు చెరో కాపీలో రాసి సేవ్ చేసేసరికి ఒకరు ఎక్కించిన సరుకు ఇంకొకరి దెబ్బకి పోయింది. పైగా సరుకు అయిపోవస్తోందని అది దానంతటది చెప్పలేదు. ఇప్పుడు బ్రేక్ షూ సెట్లు రోజుకి ఆరు అమ్ముతాయి, ఆర్డర్ పెడితే రావడానికి ఐదు రోజులు, అంటే ముప్పై. పైన పన్నెండు చేతిలో ఉంచుకుని 42 అని పెట్టాం. ఆ లెక్కకి దిగగానే స్క్రీన్ మీద ఎర్రగా వస్తుంది. ఇదివరకు ఖాళీ డబ్బా చేతికి వచ్చాకే తెలిసేది.

డేటా ఎంట్రీ 33,600. గొడవంతా దీని మీదే. పది రోజుల్లో అయిపోతుందని ముందు చెప్పింది మేమే. ఇద్దరు పిల్లలకి రోజుకి 700 చొప్పున 14,000 అనుకున్నాం. 24 రోజులు పట్టింది. తప్పు పిల్లలది కాదు, మన పుస్తకాలది.

ఒక్క బేరింగ్ సంగతి చెబుతాం. లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. దాని నంబరు 6205. మన పుస్తకంలో అదే ఒక చోట 6205, ఇంకో చోట "25 లోపలి బేరింగ్", మరో చోట "పెద్ద ఆటో బేరింగ్". మూడు పేర్లు, ఒకటే ముక్క. ఇంకోవైపు రెండు పక్కలా రబ్బరు సీలున్న టూ ఆర్ఎస్‌నీ, రేకు మూతలున్న జెడ్ జెడ్‌నీ కలిపి ఒకే పేరు కింద రాసేశారు, ధరలు వేరైనా సరే. స్టోరు పెద్దాయన వెర్నియర్ పట్టుకుని ఒక్కోదాన్ని కొలుస్తుంటే పిల్లలు టైపు చేశారు. 3,940 పేర్లు చివరికి 2,715కి దిగాయి. పుస్తకం ప్రకారం 6205లు 164 ఉండాలి. ర్యాకులో 97, వేరే పేర్ల కింద 51 దొరికాయి. మిగతా 16 లేవు. దొంగతనం అని మేము అనడం లేదు. "తర్వాత రాస్తాలే" అని తీసుకెళ్లిన చీటీలే ఎక్కువని మా అనుమానం. కానీ పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలని ఆడిటర్ చెప్పారు కాబట్టి ఇక చీటీ లేకుండా ముక్క కదలదు, కమిటీ వాళ్లకైనా సరే.

దీని మధ్యలోనే 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ అప్పటికే 28 వేసి ఎక్కించిన 8708, 8714 కోడ్ల (జీఎస్టీలో బండి పార్టులకిచ్చిన నంబర్లు) సరుకంతా మళ్లీ మార్చాల్సొచ్చింది. నాలుగు రోజులు దానికే పోయాయి.

స్టాకు లెక్కింపు, రెండు ఆదివారాలు: హమాలీలు ఆరుగురికి 10,800, టిఫిన్లు, భోజనాలు, టీలు 7,360. బిర్యానీ తిన్నారని గొంతు పెంచినవాళ్లు ఆ ఆదివారం వచ్చి ఒక్క ర్యాకు లెక్కపెట్టి ఉంటే వాళ్లకీ ఒక ప్లేటు ఉండేది.

డబ్బాల మీద అతికించే బార్‌కోడ్ లేబుళ్ల ప్రింటర్లు: మొదటిది 11,800, రెండోది 19,470. లేబుళ్లు, రిబ్బన్లు 8,640. మొదటిది రిబ్బన్ లేకుండా వేడితో నేరుగా కాగితం మీద ముద్ర వేసే రకం, సూపర్‌మార్కెట్ బిల్లులాగా. గ్రీజు చేతులు తగిలి మూడు వారాల్లోనే గీతలు వెలిసిపోయాయి. ఆయిల్ సీళ్ల డబ్బాల మీద స్కానర్ కూతే లేదు. రిబ్బన్ రకం తీసుకోమని అమ్మినాయన ముందే చెప్పారు. 7,670 మిగులుతుందని మేమే వినలేదు. ఇది మా తప్పే, ఒప్పుకుంటున్నాం. ఇప్పుడున్నది రెజిన్ రిబ్బన్‌తో ప్లాస్టిక్ లేబుల్ మీద ముద్ర వేస్తుంది, గుడ్డతో తుడిచినా పోవడం లేదు.

ఆ మొదటి ప్రింటర్ ఒక కమిటీ సభ్యుడి బావమరిది బట్టల షాపుకి ఇచ్చిన మాట నిజమే. అక్కడ గ్రీజు ఉండదు కదా. అంతకుముందు ఇద్దరిని అడిగాం, ఒకరు 5,500, ఇంకొకరు 6,000 అన్నారు. ఈయన 7,000 ఇచ్చారు. రసీదు ఫైల్లో ఉంది. ఎక్కువిస్తామనేవాళ్లు అప్పుడే చెప్పాల్సింది.

మొత్తం ఖర్చు 2,50,905. లోటు 5,005. అది కోశాధికారి జేబులోంచి పెట్టారు. ఇంతవరకు అడగలేదు, కానీ ఆయన అడగకపోవడం మనకి బాగుండదు.

బకాయిలు 24,000 వస్తే ఆయనవి తీర్చగా 18,995 మిగులుతుంది, అది వచ్చే ఏడాది రెన్యువల్‌కి ఉంచుతాం. పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎవరికి వాళ్లకి తెలుసు. కౌంటర్ దగ్గర యూపీఐ క్యూఆర్ కోడ్ అతికించాం. పంపేటప్పుడు దయచేసి పేరు రాయండి. పోయినసారి పేరు లేకుండా వచ్చిన 3,000 ఎవరివో కనుక్కోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఇట్లు,
కమిటీ