వక్తృత్వం అంటే అప్పజెప్పడం కాదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విశాఖపట్నంలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. హైస్కూలు తెలుగు వాచకాల్లో దక్షిణాఫ్రికా నల్లజాతి నాయకుడు నెల్సన్ మండేలా ప్రసంగాలు రెండింటిని అనువదించి చేర్చాలనీ, బడుల్లో వక్తృత్వ పోటీలు జరిపే పద్ధతి మార్చాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిది 1964 ఏప్రిల్ 20న ప్రిటోరియా న్యాయస్థానంలో ఆయన ముద్దాయిగా నిలబడి చేసినది. ఉరిశిక్ష పడగల కేసు అది. సాక్షిగా ప్రమాణం చేస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌కు లోబడాలి కాబట్టి, చెప్పదలచుకున్నది తెగిపోకుండా చెప్పడం కోసం ఆయన బోనులోంచే ప్రకటన చదవడానికి నిశ్చయించుకున్నారు. విధ్వంస చర్యలకు పథకం వేసిన మాట నిజమేనని మొదట్లోనే ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తర్వాతే, శాంతియుత మార్గాలన్నిటినీ ప్రభుత్వం ఎలా మూసివేసిందో, నల్లవారు ఎక్కడికి వెళ్లాలన్నా అనుమతి పత్రం చూపాలనే పాస్ చట్టాలూ, చాలీచాలని కూలీ నల్లవారి కుటుంబాలను ఎలా విడదీశాయో వివరించారు. తెల్లవారి ఆధిపత్యంతో పాటు నల్లవారి ఆధిపత్యాన్నీ ఎదిరించానని చివర్లో చెప్పి, ఎదుటి పక్షం భయానికి కూడా జవాబిచ్చారు. ఆ జూన్ 12న యావజ్జీవ శిక్ష పడింది.

నా దృష్టిలో రెండవది ఇంకా గొప్పది. 1993 ఏప్రిల్ 10న నల్లజాతి యువత ప్రాణంగా చూసుకునే నాయకుడు క్రిస్ హానీని ఆయన ఇంటి ముందే ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. దేశం అంతర్యుద్ధం అంచున నిలబడింది. మండేలా అప్పటికింకా అధ్యక్షుడు కారు. అయినా టెలివిజన్‌లో జాతినుద్దేశించి మాట్లాడుతూ, ద్వేషంతో నిండిన ఒక తెల్లవాడు ఈ ఘోరానికి ఒడిగట్టాడని చెప్పి, ఆ వెంటనే, హంతకుణ్ణి పట్టించడానికి ప్రాణాలకు తెగించినది ఆఫ్రికానర్ జాతికి (అక్కడ స్థిరపడిన డచ్చివారి సంతతికి) చెందిన ఒక తెల్ల మహిళేనని గుర్తు చేశారు. జనం కోపాన్ని ఆయన తప్పుపట్టలేదు. ఆ కోపం మొత్తం ఒక జాతి మీదికి మళ్లకుండా, నిజమైన రెండు సంగతులను పక్కపక్కన పెట్టారు, అంతే. హింస అసలే జరగలేదని అనను, కానీ చర్చలు కొనసాగాయి, మరుసటి ఏడాది ఏప్రిల్ 27న నల్లవారితో సహా అన్ని జాతులవారూ సమానంగా ఓటు వేసిన మొదటి జాతీయ ఎన్నికలు జరిగాయి.

ఇది మనకు దూరపు కథ కాదు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాలవారు ఎందరో ఉన్నారు. వారి వారసులూ ఆ వర్ణవివక్ష చట్టాల కిందే బతికారు.

మన పోటీల్లో జరుగుతున్నదేమిటి? ఎనిమిదో తరగతి పాప చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దలెవరో రాసిచ్చిన రెండు పేజీలు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతుంది. మధ్యలో ఒక్క మాట తడబడితే అక్కడినుంచి అందుకోలేక మళ్లీ "సభకు నమస్కారం" దగ్గర మొదలుపెడుతుంది. ఆ పాప తెలివిలో లోపమేమీ లేదు, తన మాట తాను ఆలోచించుకునే అవకాశం మనమే ఇవ్వలేదు.

పోటీ విషయాన్ని అరగంట ముందు మాత్రమే ఇవ్వండి. ఎదుటి పక్షం వాదనలో బలమైనదాన్ని ముందు చెప్పి, దానికి జవాబిచ్చిన పిల్లలకు ఎక్కువ మార్కులు వేయించండి. ఈ విద్యా సంవత్సరం జిల్లా స్థాయి పోటీలు మొదలయ్యేలోగా కనీసం విశాఖ జిల్లాలో దీన్ని ప్రయోగాత్మకంగా అమలు చేయవలసిందిగా మనవి. మార్కుల పట్టిక ముసాయిదా తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం