పంటి భయానికీ మందుంది

హనుమకొండ

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. దవడ పన్ను మళ్ళీ సలుపుతోందనీ, లవంగం నూనెలో ముంచిన దూదితో రాత్రులు వెళ్ళదీస్తున్నావనీ చదివి మనసు చివుక్కుమంది. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ సకినాలు కరకరలాడిస్తుంటే నువ్వు పాలలో నానబెట్టుకుని తిన్నావట! ఇంకా ఎన్నాళ్ళు ఇలా?

అమ్మ వేసుకునే నిద్రమాత్రలు రెండు మింగి డాక్టరు దగ్గరికి వెళ్తే ఎలా ఉంటుందని అడిగావు. వద్దు శ్రీనూ, ముమ్మాటికీ వద్దు. అవి అమ్మ వయసు, ఆరోగ్యం చూసి రాసిన మాత్రలు. నువ్వు మింగిన సంగతి తెలియక డాక్టరు ఇంకో మత్తుమందు ఇస్తే రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి. పైగా నిద్రలో నీకు ఊపిరి ఆగి ఆగి వస్తుందని చెల్లెమ్మ ఆ మధ్య ఫోనులో బాధపడింది. అలాంటివాళ్ళకు ఈ మందులు ఎంతో ఆచితూచి ఇవ్వాలి. ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు.

నీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. చిన్నప్పుడు నీ పన్ను పీకించిన రోజు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. మత్తు పూర్తిగా ఎక్కకముందే పట్టకారు పెట్టారు, ఇద్దరు పెద్దవాళ్ళు నీ చేతులు అదిమి పట్టుకున్నారు. అది అనుభవించినవాడికి ఆ కుర్చీ చూస్తే చెమటలు పట్టడంలో వింతేముంది? మగవాడివై ఉండి పంటికి భయమా అని మీ బావ అన్నాడట. ఆ మాట చెవికెక్కించుకోకు. బీపీ ఉందని చెప్పినట్టే, భయం ఉందని కూడా కుర్చీలో కూర్చోకముందే చెప్పు. దానికీ వైద్యం ఉంది.

మా అక్క సంగతి చెబుతాను. రూట్ కెనాల్ అంటేనే వణికిపోయే మనిషి. హనుమకొండలో ఆమెకు గ్యాస్ ఇచ్చి చేశారు. ముక్కుకు మాత్రమే సరిపోయే చిన్న రబ్బరు మాస్కు పెట్టి, ఆక్సిజన్‌తో కలిపి నైట్రస్ ఆక్సైడ్ కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. వేలికి చిన్న క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూనే ఉన్నారు. కొన్ని నిమిషాలకే కాళ్ళ వేళ్ళలో సన్నని జలదరింపు, ఒళ్ళంతా వెచ్చదనం వచ్చాయట. నిద్ర మాత్రం పోలేదు. నోరు ఇంకా తెరవమంటే తెరిచింది, అడిగినదానికి తలూపింది. యంత్రం గుయ్యిమనడం వినిపిస్తూనే ఉందిగానీ అది పక్కగదిలోంచి వస్తున్నట్టు అనిపించిందని చెప్పింది. అయిపోయాక కాసేపు ఒట్టి ఆక్సిజన్ పట్టారు. తేరుకుని తన కాళ్ళమీద తానే నడిచి వచ్చింది.

ఈ గ్యాస్ నిన్న మొన్న వచ్చిందేమీ కాదు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఒక ప్రదర్శన చూడడానికి వెళ్ళాడు. అక్కడ ఇది పీల్చిన మనిషి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకుండా ఉండడం గమనించాడు. మర్నాడే తాను ఆ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు! నొప్పి లేకుండా వైద్యం చేయాలన్న తపన దంతవైద్యుల్లో అంత పాతది. నాకు ఆ మనిషి అంటే గౌరవం.

అయితే ఒకటి గుర్తుంచుకో. ఇప్పుడు గ్యాస్ ఇచ్చేది ముఖ్యంగా భయం తగ్గడానికి, నొప్పి దానివల్ల కొంతే తగ్గుతుంది. నొప్పిని పూర్తిగా ఆపేది మాత్రం చిగురుకు ఇచ్చే మత్తు ఇంజెక్షనే. సూది గుచ్చేచోట ముందుగా మొద్దుబారే జెల్ రాయమని అడుగు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే గ్యాస్ పనిచేయదు, అలాంటప్పుడు తేదీ మార్చుకోవడమే మేలు. ఇది అన్ని క్లినిక్‌లలో ఉండదు, ముందే ఫోను చేసి కనుక్కోవాలి.

గ్యాస్ చాలదనుకుంటే మాత్ర ఉంది. డాక్టరే రాసి, ఎప్పుడు వేసుకోవాలో చెబుతారు. సాధారణంగా చికిత్సకు గంట ముందు. మగతగా ఉంటావు, జరిగింది సగం గుర్తుండకపోవచ్చు. ఇక చేతి రక్తనాళంలోకి మిడజోలామ్ వంటి మత్తుమందు ఎక్కించే పద్ధతి. అది ఇంకా గట్టిది, త్వరగా పనిచేస్తుంది. దానికి మత్తు వైద్యుడు గానీ, ఆ శిక్షణ పొందిన మరో డాక్టరు గానీ పక్కనే ఉండాలి. పూర్తిగా స్పృహ తప్పించి చేసేది ఆసుపత్రి థియేటర్‌లోనే. దానికి ముందు ఆరు గంటలపాటు ఏమీ తినకూడదు. నీ ఒక్క పంటికి అంతదూరం వెళ్ళాల్సిన పని ఉండదనే నా నమ్మకం.

ఆలస్యం మాత్రం చేయకు. చీము పట్టి వాచినచోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదు, అక్కడి ఆమ్లగుణం మందును నరంలోకి దిగనివ్వదు. చిన్నప్పుడు నీకు జరిగింది కూడా బహుశా అదే. చెంప అప్పటికే ఉబ్బి ఉంది కదా. వాపు లేని ఈ రోజుల్లోనే వెళ్తే సగం యుద్ధం గెలిచినట్టే. చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఇంట్లో కూర్చోకు, ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తు.

డాక్టరును సిగ్గుపడకుండా అడుగు: మత్తులో ఉన్నంతసేపూ నా ఊపిరిని ఎవరు చూస్తుంటారు? ఆక్సిజన్ సిద్ధంగా ఉందా? ఖర్చు ఎంత? వీటికి విసుక్కునే చోట ఉండకు, లేచి వచ్చెయ్. ఎడమ చెయ్యి ఎత్తితే వెంటనే పని ఆపాలని ముందే మాట తీసుకో. అక్క అలాగే చేసింది. చెయ్యి ఎత్తే అవసరం రాలేదుగానీ, ఎత్తవచ్చన్న ధైర్యమే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

జగిత్యాలలో కుదరకపోతే ఇక్కడికి వచ్చెయ్. బస్టాండుకు నేనే వస్తాను. ముందురోజు నుంచి మద్యం ముట్టవద్దు. బీపీ మాత్రల చీటీ వెంట తెచ్చుకో. మత్తు మాత్రో, చేతికి ఎక్కించే మత్తుమందో తీసుకుంటే ఆ రోజంతా, మర్నాటి దాకా బండి ముట్టుకోకూడదు. అందుకే రాత్రికి మా ఇంట్లోనే ఉండిపో. మీ మరదలు మెత్తగా పెరుగన్నం కలిపి పెడతానంటోంది.

తేదీ చెప్పు, డాక్టరుతో మాట్లాడి ఉంచుతాను. అమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ
రాజు