పందులు చచ్చాయని రాశారు, ఎందుకు చచ్చాయో రాయలేదు

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త చూశాను. ఊరి చివర కాల్వగట్టు మీద పందులు చచ్చి పడి ఉన్నాయని, చుట్టుపక్కల జనం స్వైన్ ఫ్లూ భయంతో వణికిపోతున్నారని రాశారు. పక్కన ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనిషి ఫొటో. ఆ పందులు ఏ జబ్బుతో పోయాయో, ఎవరైనా రక్తం తీశారో లేదో ఒక్క ముక్క లేదు. అవి ఎవరి పందులో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో మెస్ నడుపుతాను. మిగిలిన అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు, విస్తళ్లలోని ఎంగిలి అంతా డ్రమ్ములో వేసి పెడితే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఎరుకల ఆవిడ కొడుకుతో మోపెడ్ మీద వచ్చి పట్టుకెళ్తుంది. డబ్బు ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. పండక్కి ఒక చీర పెడతాను. ఆమె రాని రోజు మా సందు ఎలా కంపు కొడుతుందో పక్కింటివాళ్లను అడగండి.

ఆమె చెప్పిన దాన్నిబట్టి, ముందు ఈనిన పంది ఒకటి మేత మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. మర్నాటికి చెవులు, పొట్ట కింది చర్మం వంకాయ రంగుకు తిరిగాయి. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పోయి గోడ వారన పడుకుంది, ఇక లేవలేదు. తర్వాత ఒకదాని వెనక ఒకటి. మిగిలిన వాటిని ఆమె మరిది రాత్రికి రాత్రే అయినకాడికి అమ్మేశాడు. "ఉంచుకుంటే అవీ పోతాయి, చెబితే వచ్చి అన్నిటినీ చంపేస్తారు, రూపాయి చేతికి రాదు. ఏం చెయ్యమంటారమ్మా?" అంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ అమ్మిన పందులు ఏ ఊరు పోయాయో, జబ్బు కూడా ఆ ఊరు పోయే ఉంటుంది.

మా అబ్బాయి గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు. ఫోన్ చేసి ఇదంతా చెప్పి "ఏం జబ్బురా?" అంటే "చెప్పలేనమ్మా" అన్నాడు. ఇంత ఫీజు కట్టి చదివిస్తున్నది ఇందుకా అని చిరాకేసింది. అప్పుడు విడమరిచి చెప్పాడు. మామూలు స్వైన్ ఫీవర్ ఒకటి, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకొకటి. ఈ రెండు వైరస్‌లకూ చుట్టరికమే లేదు గానీ, పైకి కనిపించేది మాత్రం అదే జ్వరం, అవే కమిలిన చెవులు, అవే వరస చావులు. ఎంత చెయ్యి తిరిగిన డాక్టరైనా కంటితో చూసి తేల్చలేడట. రక్తం గానీ, చచ్చిన పంది ప్లీహం ముక్క గానీ ఐస్ పెట్టెలో ల్యాబ్‌కు పంపి, కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే.

మొదటిదైతే టీకా ఉంది. పాత పద్ధతిలో దాన్ని కుందేళ్లలో పెంచి తయారు చేసేవాళ్లు, ఒక కుందేలును చంపితే వచ్చేది 50 డోసులే. 2020లో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లు కుందేలు అవసరం లేకుండా, డోసు 2 రూపాయల లోపు ఖర్చుతో అయ్యే టీకా తెచ్చారు. ఈ ఎరుకల ఆవిడ పందులకు ఆ టీకా ఎన్నడూ పడలేదు. రెండోదైతే మందు లేదు. జబ్బు బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న పందులన్నిటినీ చంపి పూడ్చాలని 2020 నాటి కేంద్ర ప్రణాళికలో ఉంది. అలా చంపించిన వాటికి పరిహారం కూడా ఉంది, సగం కేంద్రం, సగం రాష్ట్రం. అంతకుముందే చచ్చినవాటికి, చీకట్లో అమ్మేసినవాటికి ఏమీ రాదు. అంటే ముందు చెప్పినవాడికే లాభం. ఈ మాట పందులు పెంచేవాళ్లలో ఎవరికి తెలుసు? జబ్బు చేస్తే కబురు చేయడం యజమాని బాధ్యత అని పశువుల అంటురోగాల మీద తెచ్చిన 2009 చట్టం అంటోంది, సరే. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందని కూడా ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

ఇక మనుషుల భయం. ఈ రెండు జ్వరాల్లో ఏదీ మనిషికి రాదు. 2009లో దేశదేశాలు తిరిగిన స్వైన్ ఫ్లూ మనుషుల దగ్గు, తుమ్ములతో పాకింది. ఆ ఏడే ఈజిప్టులో హడలిపోయి దాదాపు 3 లక్షల పందుల్ని చంపించారు. ఫ్లూ ఆగలేదు గానీ, చెత్తలోని తిండి తినే పందులు లేక కైరో వీధుల్లో చెత్త గుట్టలు పడింది. వాళ్ల అవస్థ నాకు బాగానే అర్థమవుతుంది. అలాగని పందుల్ని వీధుల్లో వదిలేయమని నేను అనను. మెదడువాపు వైరస్ పందుల్లో పెరిగి దోమల ద్వారా పిల్లలకు చేరుతుంది, అది నిజమైన భయం. ఇళ్లకు దూరంగా దొడ్లు కట్టుకోవడానికి వాళ్లకు కాస్త జాగా చూపించాలి.

కుడితి సంగతి మా హోటళ్ల వాళ్లం మాట్లాడుకోవాల్సింది. ఆఫ్రికాలో ఉండే ఆ రెండో జ్వరం, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, 2007లో జార్జియాలోని పోటీ రేవులో తేలింది. ఓడల్లో మిగిలిన తిండిని పందులకు వేయడం వల్లే వచ్చిందని నిపుణుల అంచనా. 2018లో చైనా, 2020లో మన అస్సాం, అరుణాచల్, 2022లో కేరళలోని వయనాడ్. మా మెస్‌లో మాంసం వండం, కానీ ఆమె డ్రమ్ము మా దగ్గరే ఆగదు కదా. బిర్యానీ హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, ఆదివారం పంది మాంసం కొట్టేచోట మిగిలిన తుక్కు, అన్నీ అందులోకే. జబ్బు పంది మాంసం తునక ఒక్కటి పడినా చాలు, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ వైరస్ చావదు. 90 డిగ్రీల వేడిలో గంటసేపు కలియబెడుతూ ఉడికించాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమెతో అంటే "కట్టెలు ఎవరిస్తారమ్మా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఆమె మా చెత్త ఊరికే మోసుకుపోతోంది, కట్టెల ఖర్చు మేం తలా కొంచెం వేసుకుంటే మా సొమ్మేం పోదు. నా వంతు నేనిస్తాను, మిగతా హోటళ్ల వాళ్లనూ అడుగుతున్నాను.

పశుసంవర్ధక శాఖ వారు ఆ అమ్మేసిన పందులు ఎక్కడున్నాయో వెతికి, వాటి నుంచి ఇప్పటికైనా శాంపిళ్లు తీయించాలి, ఫలితం ఆ కుటుంబానికి కాగితం మీద ఇవ్వాలి. పంది ఒక్కింటికి ఎంత ఇస్తారో జబ్బు రాకముందే పందుల గుడిసెల దగ్గర బోర్డు కట్టాలి. మీ విలేకరి ఆ ఫలితం కోసం వెంటపడాలి. వచ్చిన రోజున అది ఏదైనా సరే, చచ్చిన పందుల ఫొటో వేసిన అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

- ఒక మెస్ నిర్వాహకురాలు, బ్రాడీపేట, గుంటూరు