కంపెనీయే మళ్లీ కడితే డూప్లికేట్ ఎలా అవుద్ది?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత స్పోర్ట్స్ కార్లని కంపెనీలే ఇప్పుడు మళ్లీ కట్టి కోట్లకి అమ్ముతున్నాయని రాసి చివర్లో అవన్నీ డూప్లికేట్లే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత తేలిక కాదండీ అది. మాది విజయవాడ ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు, కార్ల పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది, ఊరుకోలేక రాస్తున్నా.

ఇంగ్లండ్ కార్ల కంపెనీ జాగ్వార్ సంగతే చూడండి. 1963లో రేసుల కోసం అల్యూమినియం బాడీతో లైట్‌వెయిట్ ఈ-టైప్ అనే కార్లు 18 కడదామనుకుని చాసిస్ నంబర్లు కూడా రాసుకుని 12తో ఆపేశారు, మిగిలిన ఆరు నంబర్లూ రికార్డులో అలాగే పడుంటే 2014లో మొదలెట్టి ఆ ఆరూ కట్టారు. జాగ్వార్‌దే ఎక్స్‌కేఎస్‌ఎస్ అనే ఇంకో కారుది ఇంకో రకం, 1957 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తగలబడి తొమ్మిది కార్లు పోయాయి, వాటికి బదులు తొమ్మిది కడతామని 2016లో చెప్పారు. పేరు కంపెనీదే, డ్రాయింగులు కంపెనీవే, కట్టింది కంపెనీయే. దీన్నీ, ఎవడో ఫైబర్ బాడీ తగిలించి దొరికిన ఇంజిన్ పెట్టి అమ్మే రెప్లికానీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

మన బుల్లెట్ లేదా? 1955లో మద్రాసులో మొదలైంది, ఇంగ్లండ్ కంపెనీ 1970 కల్లా మూతపడినా ఇక్కడ ఆగలేదు. దాన్ని రెప్లికా అని ఏలూరు రోడ్డులో అని చూడండి, కొట్టేస్తారు. కాకపోతే బుల్లెట్‌కి మధ్యలో గ్యాప్ లేదు, జాగ్వార్‌కి 50 ఏళ్ల గ్యాప్ ఉంది, తిరకాసంతా అక్కడే.

మా షెడ్డుకొచ్చే లారీలకి క్యాబిన్ మారుద్ది, ఇంజిన్ మారుద్ది, బాడీ ఎన్నిసార్లు మారుద్దో ఓనర్‌కే గుర్తుండదు, అయినా అదే లారీ అంటాం, ఎందుకంటే చాసిస్ నంబర్ అదే, ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి ఆర్సీతో కలిపి చూస్తారు, కలిస్తే సరే. కానీ నంబర్ వెనక బండి తిరిగిన చరిత్ర ఉండాలి కదా. జాగ్వార్ ఆ ఆరు నంబర్లకి 1963లో కారే లేదు, ఏ రేసూ కొట్టలేదు, ఏ ఓనరూ లేడు. అందుకే నా లెక్కలో అది అసలైన జాగ్వారే, కాకపోతే అప్పటిది కాదు, ఇప్పటిది.

నాకు ఒళ్లు మండేది మాత్రం అమెరికాలో కోబ్రా స్పోర్ట్స్ కార్లు కట్టిన షెల్బీ చేసిన పనికి. 1965 నాటి చాసిస్‌లు మిగిలిపోయాయి, వాటినే పూర్తి చేస్తున్నా అని కారోల్ షెల్బీ 1990ల మొదట్లో ‘కోబ్రా 427’ మోడల్ కార్లు బయటికి తీశాడు, తీరా 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆరా తీస్తే చాలా చాసిస్‌లు అప్పుడు కొత్తగా చేయించినవే అని తేలింది. పేరు ఆయనదే, కట్టించింది ఆయనే, చెప్పిన సంవత్సరం మాత్రం అబద్ధం. ఆ తర్వాత సీఎస్ఎక్స్ 4000 అనే కొత్త వరస చాసిస్ నంబర్లతో కొత్తవి కొత్తవే అని చెప్పి అమ్మారు, వాటి మీద నాకే కంప్లైంటూ లేదు.

మన దేశంలో అయితే 2021లో వచ్చిన వింటేజ్ రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, కాబట్టి ఇలా ఇప్పుడు మళ్లీ కట్టిన కారు ఎవరైనా తెచ్చినా వింటేజ్ బళ్లకిచ్చే వీఏ నంబర్ ప్లేటు రాదు, నా దృష్టిలో అది కరెక్టే. అన్నట్టు ఆస్టన్ మార్టిన్ 2017 నుంచి మళ్లీ కట్టిన డీబీ4 జీటీలు పాతికా ట్రాక్ మీద తిప్పుకోవడానికే, రోడ్డెక్కడానికి లేదు. ఒక్కోటి 15 లక్షల పౌండ్లు, కొనేవాళ్లకి దండం పెట్టాలి.

ఈసారి ఇలాంటి కారు ఫోటో వేస్తే కింద మోడల్ పేరుతో పాటు కట్టిన సంవత్సరం కూడా వెయ్యండి చాలు, అసలుదా కాదా అనేది చదివేవాళ్లం మేమే చూసుకుంటాం.

ఇట్లు
మీ పాఠకుడు
ఆటోనగర్, విజయవాడ