ఏటా కళ్లద్దాల సిలిండర్ పవర్ పెరుగుతుంటే కార్నియా స్కాన్ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి ఇక్కడ బెంగళూరులోనే పీయూసీ చదువుతున్నాడు. రెండేళ్లలో మూడుసార్లు కళ్లద్దాలు మార్చాం. "ఫోన్ తగ్గించమనండి" అన్నారు అద్దాల షాపులో. మేమూ వాణ్ణే తిట్టాం. రాత్రిళ్లు వీధిలైటుకు తోకలు కనిపిస్తున్నాయని వాడంటే నిద్ర చాలక అనుకున్నాం. వేలి కణుపులతో కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటు వాడికి చిన్నప్పటి నుంచీ ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు.

చివరికి ఒక కంటి డాక్టరు పాత అద్దాల చీటీలన్నీ తెమ్మన్నారు. కుడికంటి సిలిండర్, అంటే కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్, ఒకటింపావు, రెండున్నర, నాలుగు. మూడూ పక్కపక్కన పెట్టి చూసింది ఆయనొక్కరే. వెంటనే కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, స్కాన్ రాశారు. గడ్డం ఆనించి కొన్ని క్షణాలు రెప్ప వేయకుండా చూస్తే చాలు, నొప్పేమీ లేదు. తెరమీద కార్నియా వంపును చూపే రంగుల పటం వచ్చింది. ఎడమకన్ను దాదాపు ఆకుపచ్చ. కుడికంట్లో కిందివైపు ఎర్రటి మచ్చ. కార్నియా అక్కడ పల్చబడి శంకువులా ఉబ్బుతోందట. దీన్నే కెరటోకోనస్ అంటారు. సాధారణంగా నడుమ 540 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాకా మందం ఉండే పొర వాడికి 450కి దిగింది.

రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స ఈ జబ్బును చాలామందిలో ఆపుతుంది. కానీ మామూలు పద్ధతిలో చేయాలంటే కనీసం 400 మైక్రాన్ల మందం మిగలాలి. పైగా అది ఉన్న చూపును నిలబెట్టడానికే, పోయినదాన్ని తేవడానికి కాదు. అందుకే ఆ పోయిన రెండేళ్లు తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

బడుల్లో కంటి శిబిరమంటే గోడమీది అక్షరాలు చదివించడమే. దాంతో ఇది దొరకదు. మన ఊళ్లోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, శంకర కంటి ఆసుపత్రి వాళ్లు కలిసి స్మార్ట్‌కేసీ అని ఫోన్‌కు తగిలించే చిన్న పరికరం తయారుచేసి, 2021లో దాని వివరాలు ప్రచురించారు. కంటిమీద పడే వలయాల ఫోటో తీసి కార్నియా వంపు లెక్కగడుతుంది. వలయాలు ముందువైపు వంపునే చూపిస్తాయి కాబట్టి, అనుమానం ఉన్న పిల్లలకు వెనకవైపు వంపు, మందం కొలిచే పెద్ద స్కాన్ కూడా చేయాలి. ఇలాంటి పరికరాలను ఆరోగ్యశాఖ బడి శిబిరాల్లో పెట్టి, అనుమానం వచ్చినవాళ్లను ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయాలి. అక్కడ ఆ స్కాన్ ఉచితంగా అందాలి.

దానికి నిధులు, సమయం కావాలంటారేమో. అద్దాల షాపులవాళ్లు కొత్త చీటీమీద పాత పవర్ కూడా రాసి, పెరుగుదల కనబడేలా చేయడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఆ నిబంధన ఈ నెలలోనే పెట్టండి.

- ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు