దిగే ఎయిర్‌పోర్టు పేరు కూడా వేయండి సార్

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం ప్రయాణాల పేజీ నేను వదలకుండా చదువుతాను. సెలవుల్లో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్ల కోసమని మొన్న వేసిన విమాన టికెట్ల పట్టిక కూడా చదివాను. లండన్‌కి ఇంత, న్యూయార్క్‌కి ఇంత, పారిస్‌కి ఇంత అని ఊరికో వరస వేశారు. మధ్యలో ఎక్కడ ఆగుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, అన్నీ ఉన్నాయి గానీ ఆ ఊళ్లో ఏ ఎయిర్‌పోర్టులో దింపుతారో మాత్రం ఒక్క వరసలోనూ లేదు. ఈ మాత్రం దానికి ఉత్తరం రాయాలా అనుకుంటారేమో. రెండేళ్ల కిందట నేనూ అలాగే అనుకుని టికెట్ కొన్నాను, అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్లు ఉండేది న్యూజెర్సీలో. ఫోన్లో టికెట్లు వెతికేటప్పుడు నేను కొట్టింది మాత్రం న్యూయార్క్ అని. విమానాల వాళ్ల లెక్కలో ఎన్‌వైసీ అనే మూడక్షరాల కోడ్ కింద కెనడీ, లాగార్డియా, నెవార్క్ అనే మూడు ఎయిర్‌పోర్టులూ కలిసే వస్తాయి. అందులో నెవార్క్ అసలు న్యూయార్క్ రాష్ట్రంలోనే లేదు, న్యూజెర్సీలో ఉంది, మా అమ్మాయి ఇంటికి కారులో అరగంట. ఇదంతా నాకప్పుడు తెలీదు. కాస్త తక్కువలో వస్తోంది కదా అని కెనడీకి కొనేసి, కొన్నాక అమ్మాయికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. అటు నుంచి ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత "పర్లేదమ్మా, వచ్చేస్తాం" అంది. ఆ ఒక్క క్షణానికి అర్థం ఏమిటో అక్కడ దిగాక గానీ తెలియలేదు.

మేం దిగింది శుక్రవారం సాయంత్రం. వాళ్ల ఇంటి నుంచి కెనడీకి రావాలంటే గోథల్స్ వంతెన దాటి స్టాటెన్ ఐలాండ్‌లోకి రావాలి, ఆ దీవి అడ్డంగా దాటి వెరజానో వంతెన ఎక్కి బ్రూక్లిన్‌లో దిగాలి, అక్కణ్నుంచి నీళ్ల పక్కనే పోయే బెల్ట్ పార్క్‌వే పట్టుకోవాలి. రెండు వంతెనలకీ టోల్. శని, ఆదివారాల సెలవు మొదలయ్యే పూట ఆ దారి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అల్లుడికి ఆఫీసులో పని తెమలక, అమ్మాయి రెండేళ్ల పిల్లాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఒక్కతే బయల్దేరింది. మేం సామాను తీసుకుని బయటికొచ్చి నిలబడ్డాక "ఏ టెర్మినల్ అమ్మా?" అని ఫోన్. నేను నంబరు చెప్పలేదు, ఆమె అడగలేదు, తీరా చూస్తే తను ఇంకో టెర్మినల్ ముందుంది. కెనడీలో టెర్మినల్ అంటే పక్క గది కాదు, ఒక్కోటి ఒక్కో పెద్ద భవనం, ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికి రైలే వేశారు. మళ్లీ చుట్టూ తిరిగి రావాలి. మా ఆయన మోకాళ్ల నొప్పితో ట్రాలీ మీద వాలి నిలబడ్డారు. చివరికి కారు వచ్చి ఆగింది, వెనక తలుపు తీశాను. పిల్లాడు నిద్రపోతున్నాడు. ఒక కాలికి బూటు లేదు, చెంపల మీద ఏడ్చిన చారలు ఎండిపోయి ఉన్నాయి. మనవణ్ని చూడాలని అంత దూరం వెళ్లి మొట్టమొదట చూసింది ఆ చారలు. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది.

ఇందులో ఎయిర్‌పోర్టు తప్పేమీ లేదు. మా వాళ్లు క్వీన్స్‌లోనో లాంగ్ ఐలాండ్‌లోనో ఉండుంటే కెనడీనే మాకు సుఖం. టికెట్ కొనేది ఒకరు, దాని తాలూకు తిప్పలు పడేది ఇంకొకరు అన్న సంగతి తట్టకపోవడం నా తప్పు. టికెట్లో మిగిలింది మాకు, పోయింది మా అమ్మాయి సాయంత్రం.

అప్పట్నుంచి నాకిదో పిచ్చిలా పట్టుకుంది, ఎవరైనా విమానం టికెట్ అనగానే ఏ ఎయిర్‌పోర్టు అని అడుగుతున్నాను. పేర్లు చూసి మోసపోవడం ఎంత తేలికో తెలిసింది. పారిస్ బోవే అని ఒకటుంది, పారిస్ నుంచి దాదాపు 85 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఇంకా ఘోరం, ఒకప్పటి అమెరికా సైన్యం విమానాల స్థావరం అది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. లండన్ పేరు మీద ఆరు ఎయిర్‌పోర్టులున్నాయి: హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌత్ఎండ్. ఊరి పేరుకి ఎంత గిరాకీ అంటే, 2024లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్క ఊరైన ఓక్లండ్ ఎయిర్‌పోర్టు తన పేరులో శాన్‌ఫ్రాన్సిస్కో బే అని చేర్చుకుంటే శాన్‌ఫ్రాన్సిస్కో నగరం వాళ్లు ఏకంగా కోర్టుకెక్కారు. ప్రయాణికులు తికమక పడతారని వాళ్ల వాదన. తమాషా ఏమిటంటే శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు కూడా ఆ నగరం హద్దుల్లో లేదు, దక్షిణాన పక్క కౌంటీలో ఉంది.

దూరం దూరం అంటాం గానీ ఎక్కణ్నుంచి దూరం? ఏ పుస్తకంలో చూసినా, ఏ సైట్లో చూసినా ఊరి నడిబొడ్డు నుంచి లెక్క చెబుతారు. మన చుట్టాలెవరూ నడిబొడ్డులో ఉండరు, అద్దెలు కట్టలేక ఏ మూలనో ఉంటారు. టోక్యోకి హనేడా దగ్గర, నరిటా 60 కిలోమీటర్లు అని అందరూ చెబుతారు, నిజమే. హనేడా ఊళ్లోనే ఉంది, రైలెక్కితే నిమిషాల్లో చేరిపోవచ్చు. కానీ మీ వాళ్లు తూర్పున చిబా వైపు ఉంటే నరిటానే నయం కావచ్చు. లండన్లో క్రాయిడన్‌లో ఉన్నవాళ్లింటికి హీత్రూలో దిగి వెళ్లడం అంటే ఊరంతా చుట్టి రావడమే, అదే గాట్విక్‌లో దిగితే నేరుగా రైలుంది, పావుగంటకి అటూ ఇటూగా ఈస్ట్ క్రాయిడన్‌లో ఉంటారు. ఇస్తాంబుల్ అయితే మరీ విచిత్రం, చుట్టాలు ఏ ఖండంలో ఉన్నారో ముందు కనుక్కోవాలి. 2019లో పాత ఎయిర్‌పోర్టు నుంచి ప్రయాణికుల విమానాలు తరలిపోయిన కొత్త ఎయిర్‌పోర్టు యూరప్ వైపుంది, సబీహా గోక్చెన్ ఆసియా వైపుంది, మధ్యలో బాస్ఫరస్ జలసంధి.

ముంబైకి కూడా 2025 డిసెంబర్ నుంచి నవీ ముంబైలో రెండో ఎయిర్‌పోర్టు నడుస్తోంది. ముంబై అని టికెట్ కొనేసి, తీరా బయల్దేరే ముందు ఏ ముంబై అని వెతుక్కునేవాళ్లు ఇక తయారవుతారు.

మరి ఏం చేయాలి, వెళ్లే ఇంటివాళ్లని అడిగితే పోలా అంటారు. అడగాలి, కానీ ఎలా అడగాలో తెలియాలి. "ఫలానా దాంట్లో దిగితే మీకేమైనా ఇబ్బందా?" అంటే ఎవరైనా ఏం చెబుతారు, ఇబ్బందేమీ లేదు రండి అంటారు. అందులోనూ టికెట్ కొనేశాక అడిగితే ఇంకేం అనగలరు. నేనిప్పుడు వేరేగా అడుగుతున్నాను: "నువ్వే ఎక్కడికైనా వెళ్లాలంటే ఏ ఎయిర్‌పోర్టుకి వెళ్తావు?" ఈ ప్రశ్నకి మొహమాటం ఉండదు. తడుముకోకుండా జవాబొస్తుంది. మా అమ్మాయిని ఇలా అడిగితే నా మాట పూర్తయ్యేలోపే నెవార్క్ అంది.

అలాగని వాళ్లు చెప్పిందే వేదం కూడా కాదు. ఎప్పుడూ కారులోనే తిరిగేవాళ్లకి రైళ్ల సంగతి తెలీదు. వాషింగ్టన్‌లో డల్లెస్ ఎయిర్‌పోర్టు అంటే మా బంధువు ఒకాయన ఇప్పటికీ "అమ్మో, అక్కడికి కారు లేకపోతే కష్టం" అంటాడు. 2022 నవంబర్లో మెట్రో సిల్వర్ లైన్ అక్కడి దాకా వచ్చేసింది, ఆయనకి ఆ కబురే లేదు. హీత్రూకి ఎలిజబెత్ లైన్ అనే రైలు వచ్చిందీ ఆ ఏడాదే, లండన్ తూర్పు వైపు ఉన్నవాళ్లకి హీత్రూ దూరం అన్న పాత లెక్క దాంతో చాలా మారిపోయింది. కాబట్టి చుట్టాల మాట ఒక చెవిన, ఎయిర్‌పోర్టు వాళ్ల సైట్లో రైలు, బస్సుల పేజీ ఒక కంట పెట్టుకోవాలి.

పోనీ ఊరికి అన్నిటికన్నా దగ్గరున్నదాన్నే పట్టుకుందామంటే అదీ అన్నిసార్లూ కుదరదు. న్యూయార్క్‌లో మన్‌హట్టన్‌కి బాగా దగ్గర లాగార్డియా, కానీ దూరదేశాల నుంచి నేరుగా వచ్చే విమానాలు అక్కడ దిగవు. అమెరికాలోనే 1,500 మైళ్లు, అంటే సుమారు 2,400 కిలోమీటర్లు దాటిన ఊళ్ల నుంచి కూడా శనివారం తప్ప నేరుగా రానివ్వరు, ఒక్క డెన్వర్‌కి మినహాయింపు. లాస్ ఏంజెలస్ నుంచి అక్క ఇంటికి వస్తూ లాగార్డియాలోనే దిగాలని పట్టుబడితే, మిగతా రోజుల్లో దారిలో ఎక్కడో దిగి ఇంకో విమానం ఎక్కాల్సిందే. మధ్యలో ఆ మార్పు మిస్సయితే దగ్గరున్న ఎయిర్‌పోర్టు వల్ల ఒరిగేదేముంది?

విమానం మారడం అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి, ఇది తెలీక మాకు తెలిసినవాళ్లు నానా టెన్షన్ పడ్డారు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నారు, రెండింటి మీదా లండనే. వచ్చేది హీత్రూకి, మళ్లీ ఎక్కాల్సింది గాట్విక్‌లో. రెంటి మధ్య రోడ్డు మీద 60 కిలోమీటర్ల పైమాటే. ఎయిర్‌పోర్టు మారాలంటే ఇమిగ్రేషన్ దాటి దేశంలోకి అడుగుపెట్టాలి, మన పాస్‌పోర్టుని బట్టి దానికి వీసా కావాల్సి వస్తుంది, సామాను మనమే తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. నాలుగు గంటల టైముంది కదా అని వాళ్ల ధీమా. అదృష్టం బాగుండి వారం ముందే చూసుకుని టికెట్ మార్చుకున్నారు.

ఇక తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు, నేనూ ఆలోచించలేదు. పొద్దున ఏడింటికి విమానం అంటే వినడానికి బాగానే ఉంటుంది. మూడు గంటల ముందు అక్కడుండాలి, దారి గంటన్నర, అంటే ఇంట్లో రెండున్నరకి బయల్దేరాలి, రెండింటికి లేవాలి. మనం విమానంలో పడుకుంటాం, మనల్ని దింపిన మనిషి నేరుగా ఆఫీసుకి పోతాడు. రాత్రి పూట దిగేవాళ్లు ఆఖరి రైలు ఎప్పుడో చూసుకోవాలి. నరిటాలో రాత్రి పదకొండు దాటితే ఊళ్లోకి రైళ్లు ఇంచుమించు అయిపోయినట్టే, విమానం గంట లేటయితే చాలు. పిల్లలిద్దరూ ఒకే మహానగరంలో చెరో మూలా ఉంటే ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో ఎక్కేలా టికెట్ దొరుకుతుందేమో అడగొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి, కొన్నాళ్లు కొడుకు దగ్గర ఉండి, కూతురున్న శాన్‌హోజే నుంచి వెనక్కి వచ్చిన దంపతులు మాకు తెలుసు. ఆ మూడక్షరాల కోడ్ వల్ల ఏదైనా మేలుంటే ఇదొక్కటే, ఊరు పేరు కొడితే అన్నీ ఒక్క చోట కనపడతాయి.

దగ్గరకన్నా డబ్బే ముఖ్యం అయినవాళ్లుంటారు, వాళ్లని నేను తప్పు పట్టను. నలుగురు కలిసి వెళ్లేటప్పుడు టికెట్లో తేడా చాలా పెద్దదే అవుతుంది. అలాంటప్పుడు దూరంగా ఉన్నదాంట్లోనే దిగండి, కానీ ఇంటివాళ్లని రావద్దని గట్టిగా చెప్పి, రైలుకో బస్సుకో టాక్సీకో అయ్యే ఖర్చు మీరే పెట్టుకోండి. ఆ ఖర్చు కూడా కలిపి చూశాక ఇంకా తక్కువే అనిపిస్తే అప్పుడు కొనండి.

మిమ్మల్ని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఈసారి పట్టిక వేసినప్పుడు ఊరు పేరు పక్కన దిగే ఎయిర్‌పోర్టు పేరు, అక్కణ్నుంచి ఊళ్లోకి రైలుందా లేదా అన్న ఒక్క ముక్క, ఈ రెండూ చేర్చండి. చోటు చాలదంటారేమో, మొన్నటి పట్టిక పక్కన విమానం బొమ్మ ఒకటి వేశారు, అది తీసేస్తే బోలెడు చోటుంటుంది.

ఈ డిసెంబర్లో మేం మళ్లీ వెళ్తున్నాం. నెవార్క్‌కే కొన్నాను, పట్టపగలు దిగే విమానం. ఈసారి పెద్ద పెట్టెలు లేవు, తలా ఒక చక్రాల పెట్టె. ఎయిర్‌పోర్టు స్టేషన్లో రైలెక్కి వస్తామని, ఇంటి దగ్గర స్టేషన్‌కి వస్తే చాలని అమ్మాయికి చెప్పాను. పిల్లాడికి ఇప్పుడు నాలుగేళ్లు. అమ్మమ్మ వచ్చే రైలు చూడాలని తనూ స్టేషన్‌కి వస్తాడట.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు